నేల విడిచి సాము

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి సభలో, ఊరి వ్యాయామశాలల చరిత్ర రాసే పని గురించి చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం.)

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

మన ఊళ్ళో మొగ్గలు, అంటే జిమ్నాస్టిక్స్, నేర్పిన చోట్ల చరిత్రని పుస్తకంగా తేవాలని పెద్దలు పూనుకున్నారు. సంతోషం. అయితే ఇటువంటి పుస్తకాలు ఎలా వస్తాయో అందరికీ తెలిసిందే. అట్ట మీద ఆంజనేయస్వామి. లోపల వరసగా అధ్యక్షుల ఫొటోలు. ఆ తర్వాత ఫలానా ఏడు ఫలానా కప్పు. చివర చందాలిచ్చినవాళ్ళ పేర్లు, ఆ పేర్లలో తప్పులు దొర్లాయని ఒక గొడవ. (నవ్వులు) ఇంత పుస్తకంలోనూ పిల్లాడు దేన్ని పట్టుకు వేలాడాడు, ఎంత ఎత్తునుంచి దూకాడు, ఎక్కడ పడ్డాడు అన్న ముక్క ఒక్కటీ కనబడదు. నన్నడిగితే రాయాల్సింది అదే. ముందు నేల గురించి రాయండి. అధ్యక్షులు ఎలాగూ వచ్చేస్తారు.

'నేల విడిచి సాము' అని మనకో మాట ఉంది. ఆధారం చూసుకోకుండా పనిలోకి దిగేవాణ్ణి అలా వెక్కిరిస్తాం. జిమ్నాస్టిక్స్ అక్షరాలా నేల విడిచి చేసే సామే. విడవడం పెద్ద విద్య కాదు. చురుకైన కుర్రాడికి గాల్లోకి లేవడం తొందరగానే పట్టుబడుతుంది. మళ్ళీ నేలకి రావడం దగ్గరే ఉంది తిరకాసంతా. ఏ ఊళ్ళో ఈ విద్య నిలిచింది, ఏ ఊళ్ళో పోయింది అన్నది చాలావరకు కింద ఏమి పరిచారన్నదాన్ని బట్టి తేలుతుంది. నేను చెప్పదలచినది ఇంతే. మిగతాదంతా దానికి రుజువులు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా బరంపురం మద్రాసు రాజధానిలోదే, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అందుకని మన వ్యాయామానికి రెండు వైపులనుంచీ నీళ్ళు వచ్చాయి. దక్షిణం వైపునుంచి సాము గరిడీ: వస్తాదు, కర్రసాము, కత్తిసాము, దండీలు, బస్కీలు, సంగడాలు, కుస్తీ గోదా. ఉత్తరం వైపునుంచి పైకుల (ఒడిశా పాతకాలపు సైనికుల) ఆఖడాలు, పూరీలో వీధి వీధికీ ఉండే జాగా ఘరాలనే వ్యాయామశాలలు. రెంటికీ పేరు వేరు, నేల ఒకటే. మట్టి. మనుషులు కూడా అటూ ఇటూ తిరిగారు. కోడి రామమూర్తి నాయుడు పుట్టింది వీరఘట్టంలో, పేరు తెచ్చుకుంది విజయనగరంలో, 1942లో కన్నుమూసింది బలంగీర్‌లో. తెలుగుదేశం ఆయన్ని కలియుగ భీముడంది. చివరి రోజుల్లో ఆయనకి నీడనిచ్చింది ఒడిశా నేల. సరిహద్దు అన్నది పటం మీద గీత, గోదాలో ఉండదు.

ఇక్కడ మట్టి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. దీన్ని చాలామంది 'మట్టే కదా' అని తేలిగ్గా తీసేస్తారు.

గోదా అంటే గొయ్యి తవ్వి మట్టి పోయడం కాదు. అడుగున్నర లోతు తవ్వి, అడుగున నీళ్ళు నిలవకుండా ఇసుక పొర వేసి, పైన జల్లించిన ఎర్రమట్టి పోయాలి. జల్లించడం దగ్గరే సగం పని. శనగగింజంత రాయి ఉన్నా మడమలో దిగుతుంది. ఎర్రమట్టి ఒక్కటే పోస్తే నాలుగు రోజుల్లో అరుగులా గట్టిపడుతుంది, అందుకని ఇసుక కలుపుతారు. మరీ ఎక్కువైతే మట్టి పట్టుండదు, కాలు జారుతుంది. పసుపు, వేపాకు పొడి, నువ్వులనూనె, మజ్జిగ కలిపేది భక్తి కోసం కాదు. పసుపూ వేపాకూ ఒంటికి తామర రాకుండా ఎంతో కొంత అడ్డుకుంటాయి. నూనె దుమ్ము లేవకుండా పట్టి ఉంచుతుంది. రోజూ సాముకి ముందు పారతో ఒక జానెడు లోతున తిరగవేయాలి. తిరగవేయడం మానేసిన గోదా వారంలో నేల అయిపోతుంది, చూడ్డానికి మాత్రం గోదాలాగే ఉంటుంది. దెబ్బలన్నీ ఆ వారంలోనే. తడి సరిపోయిందో లేదో చూడాలంటే గుప్పెడు మట్టి పిడికిట బిగించి వదలండి. ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. నీళ్ళు ఓడితే కాలు జారుతుంది. ముద్దే కట్టకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇన్ని జాగ్రత్తలు కుస్తీ కోసం పుట్టాయి. మొగ్గలు వేసేవాళ్ళు వాటిని వాడుకున్నారు. కాని మొగ్గకి మట్టితో ఒక చిక్కు ఉంది. దిగేటప్పుడు మట్టి మంచిది, లేచేటప్పుడు చెడ్డది. కాళ్ళతో నేలని తన్నితే ఆ బలం మనకి తిరిగి రావాలి. గోదా మట్టి దాన్ని తినేస్తుంది. అందుకే మన పాతవాళ్ళు గోదా అంచున గట్టినేల మీద పరిగెత్తి, అక్కడే తన్ని లేచి, మట్టిలో దిగేవారు. లేచేందుకు ఒక నేల, దిగేందుకు ఒక నేల. ఈ ఒక్క ఆలోచన పట్టుకుంటే ఇవాళ్టి ఒలింపిక్ హాలుదాకా వెళ్ళిపోవచ్చు. ప్రమాదం ఎక్కడంటే సరిగ్గా అంచు మీద. ఒక పాదం గట్టినేల మీద, ఒక పాదం మట్టిలో పడితే చీలమండ మెలిపడుతుంది. అంచుకి కర్రదుంగ అడ్డంపెట్టిన చోట మరీ ఘోరం. అంచు ఎప్పుడూ వాలుగా చెక్కాలి.

దెబ్బ లెక్క ఒకటి చెబుతాను, బడిపిల్లలు కూడా వేసుకోవచ్చు. ఎంత ఎత్తునుంచి పడ్డామో దాన్ని, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. సుమారుగా ఒంటి బరువుకి అన్నిరెట్ల దెబ్బ తగులుతుంది. 40 కిలోల పిల్లాడు 1.5 మీటర్ల ఎత్తునుంచి గచ్చు మీద మోకాళ్ళు బిగించి దిగి, 3 సెంటీమీటర్లలో ఆగిపోయాడనుకోండి. 50 రెట్లు. అంటే ఒక్క లిప్తపాటు ఆ కాళ్ళ మీద 2,000 కిలోలు. అదే పిల్లాడు, అదే ఎత్తు, మట్టి 5 సెంటీమీటర్లు కుంగింది, మోకాళ్ళూ తొడలూ వంగి ఒళ్ళు ఇంకో 25 సెంటీమీటర్లు దిగింది. మొత్తం 30. అయిదు రెట్లు, 200 కిలోలు. పిల్లాడి ధైర్యం మారలేదు, గురువు గొప్పతనం మారలేదు. ఆగే దూరం మారింది.

ఇక్కడ ఒకళ్ళ పేరు ఎత్తకపోతే తప్పు చేసినవాణ్ణి అవుతాను. గరిడీలు మగవాళ్ళవి. ఆడపిల్లని గోదా గుమ్మం దాటనిచ్చేవారు కాదు. కాని వెదురుగడ ఎక్కి కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగింది ఎవరు? వీధిలో చాప కూడా లేకుండా వరసగా వెనక మొగ్గలు వేసింది ఎవరు? దొమ్మరి ఆడపిల్లలు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జట్లకి జిమ్నాస్టిక్స్ పోటీ పెట్టింది 1928లో. దొమ్మరిగడ అంతకు ఎన్నో తరాల ముందుది. ఆ కులం పేరుని మనం తిట్టు చేసుకున్నాం, వాళ్ళ విద్యని మాత్రం 'దొమ్మరి మొగ్గ' అని వాడుకున్నాం. మన పుస్తకంలో వాళ్ళకి ఒక అధ్యాయం ఉండాలి. చివర అనుబంధంలో పెట్టకండి. అలాగే పూరీ వైపు గోటిపువా పిల్లలు. ఆడవేషం కట్టిన మగపిల్లలు, నడుం వెనక్కి విరిచి తల కాళ్ళ మధ్యకి తెచ్చే బంధ నృత్యం. రఘురాజ్‌పూర్ దానికి పేరున్న ఊరు. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర చిన్నప్పుడు అదే నేర్చారు. వాళ్ళలో వెన్ను వంగడం, మనవాళ్ళలో భుజబలం. ఈ రెండూ ఒకే పిల్లలో కలిస్తే జిమ్నాస్ట్.

బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులివేషాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. ఆ దుముకులన్నీ తారురోడ్డు మీద. చెప్పాను కదా లెక్క, మీరే వేసుకోండి.

సరే, ఇప్పుడు సామాన్ల దగ్గరికి వద్దాం. మనం 'బార్లు', 'డబుల్ బారు', 'రింగులు' అనుకునేవి ఈ నేలవి కావు. 1811లో బెర్లిన్ ఊరి బయట హాసెన్‌హైడె అనే చోట యాన్ అనే జర్మన్ మేష్టారు ఆరుబయట వ్యాయామస్థలం తెరిచాడు. సింగిల్ బారూ, డబుల్ బారూ ఆ బడినుంచే లోకమంతా పాకాయి. 1813లో స్వీడన్‌లో లింగ్ మొదలుపెట్టిన పద్ధతి వేరు, అది సామాను తక్కువ, కవాతు ఎక్కువ. మన బళ్ళలో 'డ్రిల్లు' అన్నది దాని దూరపు చుట్టం. 1920లో మద్రాసులో బక్ దొర వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టాక, అక్కడ శిక్షణ పొందిన డ్రిల్లు మేష్టార్లు రాజధాని అంతటా బళ్ళలోకి వచ్చారు. వాళ్ళతోపాటు బళ్ళోకి డబుల్ బారు, చేతులానించి దూకడానికి వాడే గుర్రం, మెట్లపెట్టె వచ్చాయి.

కొన్నవి కొన్ని, వడ్రంగి చేసినవి చాలా. తమాషా అంతా అక్కడే. అసలు డబుల్ బారు పట్టెల పొడవు 3.5 మీటర్లు. అడ్డకోత గుడ్డు ఆకారం, 5 సెంటీమీటర్ల ఎత్తు, 4 సెంటీమీటర్ల వెడల్పు. రెండు పట్టెల మధ్య దూరం 42నుంచి 52 సెంటీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. ఆ పట్టె విల్లులా ఊగాలి. మన వడ్రంగులు టేకుతోనో సాలుకర్రతోనో చేశారు. బలంగా ఉండాలని పట్టెని లావు చేశారు. లావైన పట్టె ఊగదు, పిల్లల చేతికి అందదు. చెయ్యి చుట్టూ రాకపోతే బొటనవేలు పైనే ఉండిపోతుంది, ఊపులో మణికట్టు మెలిపడుతుంది. ఇక మధ్యదూరం: పెద్దవాళ్ళ భుజాలకి కొలిచి బిగించేశారు, జరిపే ఏర్పాటు లేదు. పదేళ్ళ పిల్లాడు చంకలు చీలేలా వేలాడతాడు. సరైన కొలత ఎలాగంటే, మోచేతినుంచి వేళ్ళ కొసల దాకా ఉన్న పొడవే ఆ పిల్లాడికి పట్టెల మధ్యదూరం. టేపు అక్కర్లేదు.

సింగిల్ బారు కథ ఇంకా కష్టం. నిజమైన బారు స్ప్రింగు ఉక్కు, 2.4 మీటర్ల పొడవు, 28 మిల్లీమీటర్ల మందం, నేలనుంచి 2.8 మీటర్ల ఎత్తు. మనకి దొరికింది నీళ్ళ పైపు. అంగుళం పైపు అంటే లోపలి కొలత. బయట మందం 33 మిల్లీమీటర్లు దాటుతుంది. చిన్న చెయ్యి దాన్ని చుట్టలేదు. ముప్పావు అంగుళం పైపు 27 దగ్గరికి వస్తుంది, పట్టు బాగుంటుంది, కాని ఊపుకి వంగి వంగినట్టే ఉండిపోతుంది. స్ప్రింగు ఉక్కు వంగి తిరిగి నిలబడుతుంది. తేడా అదే. పైపు విరిగేది మధ్యలో కాదు, కొసన మర కోసిన చోట. మర కోస్తే గోడ పలచబడుతుంది, తుప్పు ముందు అక్కడే తింటుంది. స్తంభాలు పాతిన చోట కూడా అంతే. నేలలోపల బాగుంటుంది, పైన బాగుంటుంది, నేలమట్టాన ఒక అంగుళం మేర తినేస్తుంది. రంగు వేసి ఉంటుంది కాబట్టి కనబడదు. సుత్తితో తట్టి చూడండి. టంగుమంటే ఉంది, డబ్బుమంటే పోయింది. లాగి కట్టిన తీగల సంగతీ చూసుకోవాలి. ఒక వైపు వదులైతే బారు ఊపుకి అటు జరుగుతుంది, పిల్లాడు వదిలిన దిక్కు మారిపోతుంది.

రింగులు వేలాడదీసే కట్టు నేలనుంచి 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. రింగు 2.8 మీటర్ల దగ్గర ఉండాలి. రెండు రింగుల మధ్య అర మీటరు. ఏ పెంకుటింట్లో ఉంది 5.8 మీటర్లు? అందుకే రింగులు చెట్టుకి వెళ్ళాయి. నారతాడు వానకి బిగుస్తుంది, ఎండకి సాగుతుంది. రెండు తాళ్ళూ ఒకేలా సాగవు. ఒక రింగు రెండు వేళ్ళు కిందకి దిగినా ఒక భుజం బరువంతా మోస్తుంది. రోజూ రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్న చోట భుజాలు నిలిచాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత గరిడీ సంపద ఉన్న మన గంజాం జిల్లాలో పేరు వచ్చింది దేనికి? బరువులెత్తడానికి, దేహదారుఢ్యానికి. కాటులు రవికుమార్ మన బరంపురం వాడు, తెలుగువాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో 321 కిలోలు ఎత్తి బంగారం తెచ్చాడు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి. జిమ్నాస్టిక్స్‌లో అటువంటి పేరు మనకి లేదు. మన పిల్లల్లో చురుకు లేకనా? కాదు. ఇనుముకి ఒక కడ్డీ, నాలుగు పళ్ళాలు, గట్టి గచ్చు, పైన కప్పు చాలు. గది చిన్నదైనా సరిపోతుంది. బరువు చేతిలోంచి జారితే అది నేల మీద పడుతుంది, మనిషి పక్కకి తప్పుకుంటాడు. జిమ్నాస్టిక్స్‌లో పడేది మనిషే.

పైగా చాలా గరిడీల్లో ఒక 'అభివృద్ధి' జరిగింది. చందాలు పోగైతే ముందు చేసే పని గచ్చు చేయించడం. మట్టి అంటే మురికి, సిమెంటు అంటే నాగరికం. గోదా పూడ్చి గచ్చు వేసి, గోడకి నిలువుటద్దం పెట్టారు. ఆ రోజునుంచి కుస్తీ పోయింది, దాని వెంటే మొగ్గ పోయింది, అద్దం ముందు కండలు మిగిలాయి. కండలు చెడ్డవని కాదు. కాని శంకుస్థాపన ఫలకం మీద ఎవరెవరి పేర్లున్నాయో పుస్తకంలో వేసేటప్పుడు, ఆ గచ్చు కింద ఏముండేదో కూడా ఒక వాక్యం రాయండి.

మట్టికీ ఇవాళ్టి మ్యాట్‌కీ మధ్య ఒక కాలం ఉంది, కొబ్బరిపీచు పరుపుల కాలం. గుడారంగుడ్డ సంచిలో పీచు కూరి కుట్టినవి, రెండు మూడు అంగుళాల మందం. కొత్తలో బాగుంటాయి. ఏడాదికి పీచు మూలలకి చేరి మధ్యలో పలచబడుతుంది. మధ్యలోనే కదా దిగేది! తడిస్తే నలుగురు మోయాలి, ఆరడానికి వారం. రెండు పరుపులు పక్కపక్కన వేస్తే సందులో పాదం దిగిపోతుంది. సందు పైన ఇంకో పరుపు అడ్డంగా వేయాలని తెలిసేసరికి ఎన్ని చీలమండలు పోయాయో.

తర్వాత ఫోము. ఫోము అంటే మెత్తన అనుకుని మంచంపరుపుల దుకాణంలో కొని తెచ్చినవి ఉన్నాయి. మోకాలితో గట్టిగా నొక్కండి, కింద నేల తగిలిందా, అది పడుకోవడానికి. మరీ మెత్తనిదాంట్లో పాదం కూరుకుపోయి అడుగున చిక్కుకుంటుంది, ఒళ్ళు మాత్రం ఇంకా తిరుగుతూ ఉంటుంది. మోకాలి స్నాయువు తెగేది ఇలాగే. దిగే మ్యాట్‌లో పైన గట్టిపొర, కింద మెత్తపొర ఉండాలి. పోటీల్లో ఉపకరణాల కింద వేసేవి 20 సెంటీమీటర్ల మందం.

మనది సముద్రపు గాలి. గోపాలపురం 16 కిలోమీటర్లు. ఉప్పుగాలికి ఇనుముకి తుప్పు, రెగ్జిన్ కుట్లకి చెమ్మ, ఫోములోకి బూజు. మ్యాట్లు ఎప్పుడూ గచ్చు మీద నేరుగా ఉంచకూడదు. కర్రపట్టెల మీద, కింద గాలి ఆడేలా, గోడకి జానెడు ఎడంగా ఉంచాలి. వానాకాలంలో వారానికోసారి తిరగేసి నిలబెట్టాలి. చినిగిన చోట వెంటనే అతకాలి, అక్కడినుంచే నీళ్ళు దిగుతాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు రేకులకప్పు అంటే ఏమిటో గంజాం అంతా చూసింది. రేకు ఎగిరితే ఇనుము మిగులుతుంది, ఫోము మిగలదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ముందు మోయాల్సినవి కప్పులూ ఫొటోలూ కావు, మ్యాట్లు.

చేతికి రాసే పౌడరు గురించి ఒక్క మాట. అది మెగ్నీషియం కార్బొనేట్. ముఖానికి రాసుకునే పౌడరు కాదు, అది జారుస్తుంది. అసలు పౌడరైనా చెమటతో కలిసి బారు మీద పెచ్చు కడుతుంది, ఆ పెచ్చే అరచేతి తోలు లేపుతుంది. సాము అయ్యాక గరుకు కాగితంతో రుద్ది బారు శుభ్రం చేయాలి. అరచేతిలో కట్టిన కాయలు రేజరుతో కోయకూడదు, తడిగా ఉన్నప్పుడు ప్యూమిస్ రాయితో అరగదీయాలి.

ఇవాళ్టి నేల సంగతి. ఫ్లోర్ అంటారే, అది 12 మీటర్ల చదరం. కింద స్ప్రింగులు, వాటి మీద ప్లైవుడ్ పలకలు, వాటి మీద ఫోము, పైన తివాచీ. మన పాతవాళ్ళు అంచునుంచి లేచి మట్టిలో దిగారని చెప్పాను. ఆ రెండు గుణాలూ ఒక్కదాంట్లో పెట్టారు. తన్నితే తిరిగిస్తుంది, పడితే కాస్త తీసుకుంటుంది. మట్టి మీద నేర్చిన పిల్లని తెచ్చి దీని మీద నిలబెడితే మొదటివారం అంతా ఎక్కువ తిరిగి వీపు మీద పడుతుంది. అలవాటైన బలంతోనే తన్నుతుంది, నేల దానికి వడ్డీ కలిపి ఇస్తుంది. అందుకని మొదట సాదా దూకుడు, తర్వాత పిల్లిమొగ్గ, తర్వాత చేతులానించి వేసే మొగ్గ. పల్టీ ఆఖరున.

ఇటువంటి హాలు మనకి దగ్గరలో ఉన్నది భువనేశ్వర్ కళింగ స్టేడియంలో, 170 కిలోమీటర్లు. పూరీ రాకేశ్ పాత్ర రింగుల మీద దేశానికి ఆడాడు. తెలుగమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్‌లో వాల్ట్‌లో, అంటే పరిగెత్తి వచ్చి బల్ల మీద చేతులానించి దూకే పోటీలో, కాంస్యం తెచ్చింది. ప్రపంచకప్‌లో మన దేశానికి అదే తొలి పతకం. దీపా కర్మాకర్ 2016లో రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 15.066 సాధించి నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యానికి 15.216. తేడా 0.150. దిగేటప్పుడు చిన్న అడుగు పడితే 0.1 పోతుంది, పెద్ద అడుగైతే 0.3, పడిపోతే ఏకంగా 1. ఆమె వేసిన ప్రొదునోవా అనే దూకుడులో కష్టానికే అప్పట్లో 7.0 ఉండేది. చేతులు తాకించి ముందుకి రెండు పల్టీలు కొట్టి దిగాలి. దిగేటప్పుడు లోతుగా కూర్చుండిపోయింది. గాల్లో ఆమె చేసింది లోకంలో చేయగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పతకం పోయింది నేల దగ్గర.

ఇక పుస్తకం రాసేవాళ్ళకి కొన్ని పనికొచ్చే ఆనవాళ్ళు. పాత ఫొటోల వెనక తేదీ ఉండదు. ఫొటోలో సామాను చూడండి. పోటీల్లో వాల్ట్‌కి పొడుగాటి గుర్రం ఉంటే 2001కి ముందుది. వెడల్పుగా నాలికలా ముందుకి వంగిన బల్ల ఉంటే ఆ తర్వాతది. గుర్రం మీద చేతులు జారి ముఖం కొట్టుకునే ప్రమాదాల వల్లే బల్ల వచ్చింది. పేద క్లబ్బుల్లో గుర్రం ఇంకో పదేళ్ళు బతికి ఉంటుంది, కాబట్టి ఒట్టి గుర్రాన్ని బట్టి తేల్చేయకండి, పక్కన మ్యాట్ కూడా చూడండి. మార్కుల కాగితం దొరికితే, ఒక్క ఉపకరణానికి 10 దాటి మార్కు ఉందంటే అది 2006 నాటిదో, ఆ తర్వాతదో. అంతకు ముందు పూర్ణసంఖ్య 10. జిమ్నాస్టిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పుట్టింది 1951లో. దాని ముద్ర ఉన్న కాగితం అంతకన్నా పాతది కాలేదు. జమాఖర్చు పుస్తకాల్లో 'ఇసుక', 'ఎర్రమట్టి బండి', 'నువ్వులనూనె', 'గుడారంగుడ్డ', 'సిమెంటు బస్తాలు' అన్న పద్దులు వెతకండి. సిమెంటు పద్దు కనబడ్డ ఏడాది దగ్గర ఎర్రసిరాతో గీత పెట్టండి.

ఇంకొకటి. దెబ్బల పుస్తకం. ఏ క్లబ్బు చరిత్రలోనూ ఉండదు. ఎవరికి తగిలింది అని కాదు. ఏ సామాను మీద, ఏ కదలికలో, కింద ఏముండగా, ఏ కీలుకి అన్న నాలుగు గడులు. పాతవాళ్ళనడిగితే చెబుతారు. నాలుగు గడులూ నిండితే కారణం దానంతటదే బయటపడుతుంది. వెనక్కి పడేటప్పుడు చెయ్యి వెనక ఆనిస్తే మోచెయ్యి పోతుంది. చేతులు ముందుకి పెట్టుకుని గడ్డం రొమ్ముకి ఆనించి దొర్లాలి. ఇది మొదటిరోజు నేర్పాల్సిన పాఠం. చాలాచోట్ల మొదటి దెబ్బ తగిలాక నేర్పుతారు.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ప్రశ్న: మా దగ్గర కొద్దిపాటి డబ్బే ఉందండి. ముందు ఏది కొనమంటారు?)

బారు కొనకండమ్మా. అందరూ బారుతోనే మొదలుపెడతారు, ఫొటోలో బాగుంటుందని. ముందు రెండు దిగే మ్యాట్లు. తర్వాత పది సెంటీమీటర్ల వెడల్పున, అయిదు మీటర్ల పొడవున ఒక కర్రదూలం నేలకి ఆనించి వేయండి. బీము అదే, కాళ్ళు తర్వాత తగిలించుకోవచ్చు. అసలు ఎత్తు 125 సెంటీమీటర్లు, కాని మొదటి ఏడాది దానికి ఎత్తుతో పనిలేదు. మూడోది, పిల్లల రొమ్ము ఎత్తున బారు. తలపైకి వెళ్ళే సామాను ఏదైనా నాలుగో ఏడుకి చూద్దాం.

(ఇంకో ప్రశ్న: మా గరిడీలో పాత గోదా ఉంది గురువుగారూ. పూడ్చి హాలు కడదామంటున్నారు.)

హాలు కట్టండి, మంచిదే. కప్పు మాత్రం ఆరు మీటర్లకి తగ్గనివ్వకండి, రింగులు గుర్తుంచుకోండి. గోదాని పూడ్చకండి. హాలు లోపలికే వచ్చేలా గోడలు జరపండి. గొయ్యి ఉంది కాబట్టి రేపు మట్టి తీసి ఫోముముక్కలు నింపుకోవచ్చు. పెద్ద హాళ్ళలో ఆ గొయ్యి కొత్తగా తవ్వించుకుంటున్నారు, మీకు తాతలు తవ్వి పెట్టారు. ఏది చేసినా ముందు ఒక పని చేయండి. గునపం పెట్టి మధ్యలో ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు లోతు కొలిచి రాసుకోండి. మట్టి ఎన్ని పొరలుందో, ఏ పొర ఏ రంగో చూడండి. ఏ తరం ఎప్పుడు కొత్తమట్టి తోలిందో అక్కడ కనబడుతుంది. ఒక్కో పొరనుంచి గుప్పెడు మట్టి సీసాలో పోసి చీటీ అతికించండి. పుస్తకంలో మొదటి బొమ్మగా ఆ సీసాల ఫొటో వేసుకోవచ్చు.